బొంబాయిలో గూడు సమస్య: ఒక చారిత్రక పరిశీలన

నగరాల్లో ఇళ్ళు చాలకపోవడానికి పల్లెల నుంచి వచ్చిపడే జనమే కారణమన్న వాదన ఇంకా వినిపిస్తూనే వుంది. ఇది బాధితుడి నెత్తినే నేరం మోపే వాదన. బొంబాయి చరిత్ర తిరగేస్తే దీని డొల్లతనం తెలుస్తుందని నా అభిప్రాయం. ఆ నగరాన్ని కట్టిన చేతుల్లో మన తెలుగువాళ్ళ చేతులూ వున్నాయి. నిజాం రాజ్యం నుంచి వలసపోయిన కట్టుబడి కూలీల పేరే కామాఠీపురాకు మిగిలింది.

1896లో అక్కడ ప్లేగు చెలరేగింది. కార్మికుల మురికివాడల మీద ప్రభువుల చూపు గట్టిగా పడింది అప్పుడే. 1898లో ఇంప్రూవ్‌మెంటు ట్రస్టు ఏర్పడి, ఇరుకు ఇళ్ళను కూల్చి వీధులు వెడల్పు చేసింది. గాలీ వెలుతురూ వచ్చిన మాట కాదనను. కాని ఇల్లు కూలిన కుటుంబాలు అద్దె భరించగల చోటు వెతుక్కుంటూ పక్క సందుల్లోకే దూరాయి. ఈ తీరును ఎంగెల్సు 1872లోనే గుర్తించాడు: పాలకవర్గం ఇళ్ళ సమస్యను తీర్చదు, దాని చోటు మారుస్తుంది.

అసలు చూడదగ్గది ఆ తర్వాతి ఘట్టం. 1920లో, గవర్నరు జార్జి లాయిడ్ హయాంలో, డెవలప్‌మెంటు డిపార్టుమెంటు పుట్టింది. కార్మికులకు 50,000 గదులు కడతామంది. వర్లీ, నాయ్‌గాఁవ్, డిలైల్ రోడ్డు, శివడీలలో 207 చాళ్ళు లేచాయి. ఒక్కొక్క చాలుకు నాలుగు అంతస్తులు, 80 గదులు. మొత్తం చూస్తే అన్నదాంట్లో మూడోవంతు! గది 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు ఉమ్మడివి. యుద్ధానంతరపు ధరలకు కొన్న సరుకూ, అప్పు మీద వడ్డీ కలిసి అద్దెను కూలివాడికి అందనంత ఎత్తున కూచోబెట్టాయి. పైగా వర్లీ నుంచి మిల్లు దూరం. ఇళ్ళు లేవని గగ్గోలెత్తిన నగరంలోనే, కట్టిన గదులు అనేకం అద్దెకు దిగేవాళ్ళు లేక ఖాళీగా పడివున్నాయి. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం వచ్చాక సర్కారు ఈ వర్లీ చాళ్ళకు ఒక ఉపయోగం కనిపెట్టింది: సత్యాగ్రహులకు తాత్కాలిక జైలు. కార్మికుడికి దొరకని గది ఖైదీకి దొరికింది.

కొరత అన్న మాటను నేను అనుమానంగా చూసేది ఇందుకే. అక్కడ లేనిది కూలికీ అద్దెకూ పొంతన.

స్వాతంత్ర్యం తర్వాత ఫుట్‌పాత్ మీద కాపురాలు పెరిగాయి. 1981 జూలైలో ముఖ్యమంత్రి అంతులే వాళ్ళను ఖాళీ చేయించి సొంత ఊళ్ళకు పంపేస్తామని ప్రకటించారు. అది సరిగ్గా వానల కాలం. పత్రికా రచయిత్రి ఓల్గా టెల్లిస్, కొందరు ఫుట్‌పాత్ వాసులు, మరికొందరు న్యాయస్థానానికి వెళ్ళారు. 1985 జూలై 10న సుప్రీంకోర్టు, బతుకుతెరువు జీవించే హక్కులో భాగమేనని ఒప్పుకుంది. పని దగ్గర్లో వుంది గనుకనే వీళ్ళు ఫుట్‌పాత్ మీద వుంటున్నారనీ ఒప్పుకుంది. ఇంత ఒప్పుకొని, ఖాళీ చేయించే అధికారాన్నిచ్చే 1888 నాటి మునిసిపల్ చట్టం చెల్లుతుందనే తేల్చింది. ఆ ఏడు వానలు వెళ్ళేదాకా, అక్టోబరు 31 వరకు, తొలగించవద్దంది.