ఎస్‌ఎస్‌ఎల్‌వి-డి1

ఎస్‌ఎస్‌ఎల్‌వి-డి1 భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) రూపొందించిన చిన్న ఉపగ్రహ వాహకనౌక యొక్క మొదటి ప్రయోగం. ఇది 2022 ఆగష్టు 7న ఉదయం 9 గంటల 18 నిమిషాలకు తిరుపతి జిల్లా శ్రీహరికోటలోని సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం నుండి జరిగింది. నౌక తన వేగాన్ని తెలుసుకొనే పరికరాలు చెడిపోయాయని దానిలోని కంప్యూటరు పొరపాటుగా నిర్ణయించడం వలన ఉపగ్రహాలు సరైన కక్ష్యను చేరలేదు.

నౌక, ఉపగ్రహాలు

ఈ నౌక పొడవు 34 మీటర్లు, వ్యాసం 2 మీటర్లు, బరువు సుమారు 120 టన్నులు. ఇందులో మూడు ఘన ఇంధన దశలు, వాటిపైన ద్రవ ఇంధనంతో పనిచేసే వేగ సవరణ మాడ్యూలు ఉంటాయి. చివరి దశలో మిగిలిన కొద్దిపాటి వేగపు తేడాను సరిదిద్దడం ఈ మాడ్యూలు పని. డి1లో ఇఓఎస్-02 అనే భూ పరిశీలన ఉపగ్రహాన్ని, ఆజాదీశాట్ అనే 8 కిలోల ఉపగ్రహాన్ని పంపారు. ఆజాదీశాట్‌లోని పరికరాల తయారీలో దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది విద్యార్థినులు పాల్గొన్నారు.

వేగాన్ని తెలుసుకొనే విధానం

నేలమీద నడిచే వాహనంలోని వేగమాపకం (స్పీడోమీటరు) వేగాన్ని నేరుగా కొలవదు. ఉదాహరణకు పాతకాలపు జీపులలో, గేరుబాక్సు నుండి ఇరుసుకు శక్తిని అందించే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతున్నదో దానినిబట్టి ముల్లు కదులుతుంది. ఇసుకలోను, కొండదారులలోను బలంగా లాగడానికి ఇరుసు గేర్ల నిష్పత్తిని 4.10 నుండి 4.56కు మార్చితే, చక్రం ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్టు 4.56 చుట్లు తిరుగుతుంది. టైర్లు మారకపోతే, జీపు గంటకు 60 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు ముల్లు సుమారు 67 చూపుతుంది. వేగమాపకాన్ని నడిపే చిన్న పళ్ళచక్రాన్ని తగినట్లుగా మార్చినపుడే ఈ దోషం పోతుంది.

రాకెట్టుకు నేలను తాకే చక్రం లేదు. అందువలన దానిలోని త్వరణమాపకాలు వేగంలో వచ్చే మార్పును క్షణక్షణం గ్రహిస్తాయి. కంప్యూటరు ఆ మార్పులను కూడుకుంటూ పోయి వేగాన్ని లెక్కిస్తుంది. ఆ కొలతలు నమ్మదగినవా కావా అని పరిశీలించడానికి వేరుగా ఒక సాఫ్ట్‌వేరు ఉంటుంది.

వైఫల్యం

రెండవ దశ విడిపోయే సమయంలో పరికరాలు అమర్చిన భాగంలో కొద్దిసేపు తీవ్రమైన కంపనం ఏర్పడింది. ఆ కొద్దిసేపు త్వరణమాపకాల కొలతలు పరిమితిని దాటాయి. దానితో సాఫ్ట్‌వేరు వాటిని చెడిపోయినవిగా ప్రకటించింది. నిజానికి అవి చెడిపోలేదు. గేర్లు మార్చిన జీపులో తప్పు కొలతను నమ్మడం దోషమైతే, ఇక్కడ బాగున్న పరికరాలను నమ్మకపోవడం దోషమైంది.

అప్పటి నుండి నౌక ముందుగా నిర్ణయించిన ఆపద్ధర్మ పద్ధతిలో సాగింది. మూడు ఘన ఇంధన దశలూ సక్రమంగానే పనిచేశాయి కాని చివరి వేగ సవరణ జరగలేదు. 356 కి.మీ. ఎత్తున వృత్తాకార కక్ష్యకు సెకనుకు సుమారు 7.7 కి.మీ. వేగం అవసరం. లోటు అందులో సుమారు నూటికి ఒక వంతు మాత్రమే. అయినా ఉపగ్రహాలు 356 కి.మీ. x 76 కి.మీ. దీర్ఘవృత్తాకార కక్ష్యలోకి వెళ్ళాయి. 76 కి.మీ. ఎత్తులో వాతావరణపు రాపిడి ఎక్కువ కనుక అవి కక్ష్యలో నిలువలేకపోయాయి.

సవరణలు, తరువాతి ప్రయోగాలు

ఇస్రో విచారణ జరిపి, రెండవ దశను విడదీయడానికి తక్కువ కంపనం కలిగించే ఏర్పాటును ఎంచుకున్నది. పరికరాలు అమర్చే భాగపు నిర్మాణాన్ని మార్చింది. పరికరాలు చెడిపోయాయని నిర్ణయించే ముందు సాఫ్ట్‌వేరు మరికొంత సమయం పరిశీలించేటట్లు చేసింది. 2023 ఫిబ్రవరి 10న శ్రీహరికోట నుండే జరిగిన ఎస్‌ఎస్‌ఎల్‌వి-డి2 ప్రయోగం విజయవంతమై, ఇఓఎస్-07, జానస్-1 ఉపగ్రహాలతో పాటు విద్యార్థినుల రెండవ ఉపగ్రహం ఆజాదీశాట్-2ను 450 కి.మీ. కక్ష్యలో చేర్చింది. 2024 ఆగష్టు 16న జరిగిన డి3 ప్రయోగంతో ఈ నౌక అభివృద్ధి దశ ముగిసింది.