బ్యాటర్ కార్డు: పాచికల బేస్‌బాల్‌లో గొప్ప హిట్టర్ లెక్క

బల్ల మీద పాచికలతో ఆడే బేస్‌బాల్‌లో ఒక్కో ఆటగాడికి ఒక్కో అట్టముక్క ఉంటుంది. దాన్ని ప్లేయర్ కార్డు అంటారు. మన బళ్లలో పిల్లలు ఆడే బుక్ క్రికెట్‌తో పోల్చి చూస్తే దీని సంగతి చప్పున బోధపడుతుంది. పుస్తకం తెరిచి పేజీ నంబరులో చివరి అంకె చూసి, 4 అయితే ఫోరు, 0 అయితే ఔటు అనుకునే ఆ ఆటలో టెండూల్కర్‌కైనా, ఆఖర్న దిగే బౌలర్‌కైనా ఉన్న అవకాశం ఒక్కటే. ఆటగాడిని బట్టి అవకాశం మార్చడమే కార్డు చేసే పని. అమెరికాలో క్లిఫర్డ్ వాన్ బీక్ 1930 ప్రాంతంలో తెచ్చిన నేషనల్ పాస్‌టైమ్ ఈ దారిలో మొదటి అడుగుల్లో ఒకటి. 1941లో, అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో స్వయంగా ఆడిన ఈథన్ అలెన్ ఆల్‌స్టార్ బేస్‌బాల్‌ను రూపొందించాడు. 1951లో డిక్ సైట్జ్ ఏపీబీఏను, 1961లో హాల్ రిచ్‌మన్ స్ట్రాట్-ఓ-మేటిక్‌ను మార్కెట్లోకి తెచ్చారు.

స్ట్రాట్-ఓ-మేటిక్‌లో మూడు పాచికలు వేస్తారు. తెల్ల పాచిక మీద 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డులో, 4, 5, 6 పడితే పిచర్ (బంతి విసిరేవాడు) కార్డులో ఆ నిలువు వరుస చూడాలి. మిగతా రెండు పాచికల మొత్తం ఆ వరుసలో ఏ గడి చూడాలో చెబుతుంది. తెల్లది 2, మిగతా రెండూ కలిసి 7 అయితే బ్యాటర్ కార్డు రెండో వరుసలో 7 అని ఉన్న గడి. అక్కడ హోమ్ రన్ అని ఉంటే బంతి మైదానం దాటినట్టే. 7 పడే దారులు 36లో 6, 12 పడే దారి ఒక్కటే. కాబట్టి హోమ్ రన్ 7 పక్కన ఉందా 12 పక్కన ఉందా అన్నదాంట్లోనే హిట్టర్ స్థాయి తెలిసిపోతుంది. మొత్తం 216 అవకాశాల్లో బ్యాటర్ చేతిలో ఉన్నవి 108 మాత్రమే. సగటు పిచర్ల మీద ఆడితే అసలు సీజన్ లెక్కకు దగ్గరగా రావాలి గనుక, మిగతా సగంలో పిచర్ ఇవ్వనిదంతా ఈ 108లోనే ఇమడాలి.

మేజర్ లీగ్ హిట్టర్ బేబ్ రూత్ 1927లో 691 సార్లు బ్యాటింగ్‌కు వచ్చి 60 హోమ్ రన్లు కొట్టాడు. 216కి లెక్కవేస్తే దాదాపు 19. హోమ్ రన్లు అరుదుగా ఇచ్చే ఆనాటి పిచర్ల కార్డుల నుంచి వచ్చేవి కొద్దే గనుక, చాలా భాగం రూత్ కార్డులోనే ఉండాలి. అయితే గొప్ప కార్డుకు హోమ్ రన్లే కొలమానం కావు. 1941లో మరో మేజర్ లీగ్ హిట్టర్ టెడ్ విలియమ్స్ సగటు, అంటే వాక్‌లు కలపని ప్రయత్నాల్లో హిట్ల వాటా, .406. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే దొరికే వాక్‌లనూ కలుపుకుంటే అతను బేస్ చేరిన వాటా 55 శాతం పైనే, అంటే 216లో దాదాపు 119. నా దృష్టిలో వాక్ గడులే అసలైన గీటురాయి. పిచర్ భయాన్నీ బ్యాటర్ ఓపికనూ ఒక్కచోట నమోదు చేసేవి అవే.

పాచికల్లో తేలేది అదృష్టమే కదా, ఇందులో రూత్ ఎక్కడున్నాడు అని అడగవచ్చు. ఒక్క మ్యాచ్ వరకైతే ఆ మాట నిజమే. కానీ 60 హోమ్ రన్ల అవకాశమున్న కార్డుతో 691 సార్లు పాచిక వేస్తే, మూడింట రెండు సీజన్లలో ఫలితం సుమారు 53కీ 67కీ మధ్య ఉంటుంది. నిజజీవితంలోనూ రూత్ 1926లో 47, 1928లో 54 కొట్టాడు. అంటే ఆ ఊగిసలాట ఆటలోనే ఉంది, పాచిక దాన్ని కొత్తగా తెచ్చిపెట్టలేదు.

బలమైన అభ్యంతరం మరొకటుంది. కార్డులోకి ఎక్కేది మనిషి సత్తా కాదు, అతన్ని ఆడనిచ్చిన లీగ్ లెక్క. నల్లజాతివారిని మేజర్ లీగ్ గేటు బయటే నిలబెట్టిన కాలంలో నల్లజాతి హిట్టర్ జాష్ గిబ్సన్ నీగ్రో లీగ్‌లలో ఆడాడు. 1947 జనవరిలో, 35 ఏళ్లకే చనిపోయాడు. ఆ అడ్డు దాటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది ఆ ఏప్రిల్‌లో. నీగ్రో లీగ్‌ల గణాంకాలు మేజర్ లీగ్ అధికారిక లెక్కల్లో కలిసింది 2024లో. అప్పుడే .372 కెరీర్ సగటుతో గిబ్సన్, అప్పటిదాకా ఆ జాబితాలో ముందున్న టై కాబ్‌ను దాటాడు. స్ట్రాట్-ఓ-మేటిక్ మాత్రం 2009లోనే నీగ్రో లీగ్ ఆటగాళ్ల కార్డులు తెచ్చింది. అసంపూర్ణ రికార్డులతో కార్డు చేయడం సరికాదనే వాదనను నేను ఒప్పుకోను. కార్డే లేకపోతే గిబ్సన్ బ్యాటింగ్‌కు మనం ఇచ్చిన విలువ సున్నా అవుతుంది. పైగా రూత్ గణాంకాలు మాత్రం సంపూర్ణమా? సాచెల్ పైజ్ లాంటి పిచర్లను తలుపు బయట ఉంచిన లీగ్‌లో వచ్చినవేగా అవి.

ఇదే చిక్కు మన కొఠారి కనకయ్య నాయుడి విషయంలోనూ వస్తుంది. నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన సి.కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టాడు. భారత్ తొలి టెస్టు ఆడింది 1932లో, లార్డ్స్‌లో. ఆ జట్టుకు నాయకుడు ఆయనే, అప్పటికి వయసు 36. ఆడిన టెస్టులు 7, ఇన్నింగ్స్ 14, పరుగులు 350, సగటు 25. క్రికెట్‌కు ఇలాంటి కార్డు చేసేవారు ఈ అంకెలే తీసుకుంటే ఆయన సాధారణ బ్యాటర్‌గా మిగిలిపోతాడు. ఫస్ట్ క్లాస్‌లో 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 35.94 సగటు తీసుకుంటే మరో మనిషి కనిపిస్తాడు. 14 ఇన్నింగ్స్‌తో అవకాశాలు తేల్చడం లెక్క ప్రకారమే తప్పు. నాయుడు కార్డు ఫస్ట్ క్లాస్ అంకెలతోనే చేయాలి, ఏ పోటీల నుంచి, ఏ సంవత్సరాల నుంచి తీసుకున్నారో కార్డు మీదే అచ్చువేయాలి.