కంటోన్మెంటు ఇళ్లలో తాగునీరు: చిల్లగింజ నుంచి క్లోరిన్ వరకు

బురదనీటిని తేర్చడానికి చిల్లగింజను వాడే పద్ధతి భారతదేశంలో చాలా పాతది. కతకం అనే పేరుతో సుశ్రుత సంహిత కూడా దాన్ని ప్రస్తావించింది. ఈ పద్ధతిని ఐరోపా పాఠకులకు వివరంగా పరిచయం చేసినవారిలో, ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. కోరమండల్ తీరపు మొక్కల గురించి 1795లో వెలువడడం మొదలైన తన గ్రంథంలో ఆయన ఈ చెట్టుకు చోటిచ్చి, మట్టికుండ లోపలి అంచున గింజను ఒకటి రెండు నిమిషాలు గట్టిగా అరగదీసి, ఆపైన నీళ్లు పోసి కదలకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి నీరు తేరుకుంటుందని రాశాడు. ముందుచూపున్న కంపెనీ అధికారులూ సిపాయిలూ యుద్ధయాత్రల్లో ఈ గింజలను వెంట ఉంచుకునేవారని కూడా ఆయన నమోదు చేశాడు. గింజలోని పదార్థాలు నీటిలో తేలే సన్నని బంకమట్టి రేణువులను ఒకదానికొకటి అతుక్కునేలా చేసి బరువెక్కించి కిందికి దించుతాయి. పటిక చేసే పని కూడా స్థూలంగా ఇదే. అయితే రేణువులతో పాటు సూక్ష్మజీవుల్లో కొంత భాగం అడుగుకు చేరినా, మిగిలినవి చావకుండా నీటిలోనే ఉంటాయి. తేటగా కనబడే నీరు మంచినీరేనన్న నమ్మకం సైనిక నివాసాల్లో దాదాపు వందేళ్లు చలామణీ అయి, సైనికులతో పాటు వారి భార్యాబిడ్డలను కూడా బలి తీసుకుంది.

కంపెనీ కోటలకు నీటి సమస్య మొదటినుంచీ ఉన్నదే. మద్రాసులో సెయింట్ జార్జి కోటకు మంచినీరు అందించడానికి 1772లో ఊరికి ఉత్తరాన బావులు తవ్వించి నీటిని కోటకు చేర్చే ఏర్పాటు జరిగింది. ఆ బావుల పేరు ఏడుబావుల వీధి రూపంలో ఇప్పటికీ అక్కడ నిలిచి ఉంది. కోటకు కుదిరిన ఈ వసతి, తరవాత దేశమంతటా వెలసిన కంటోన్మెంట్లకు, అంటే సైన్యం శాశ్వతంగా మకాం వేసే దండుప్రాంతాలకు, చాలాకాలం దక్కలేదు. 1798లో హైదరాబాదు పాలకుడు నిజాం అలీ ఖాన్‌తో కుదిరిన సైన్యసహకార ఒప్పందాన్ని అనుసరించి కంపెనీ దళాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. ఆ విడిది చుట్టూ పెరిగిన పట్టణానికి 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు వచ్చింది. పందొమ్మిదో శతాబ్ది తొలి సగంలో ఇక్కడి ఐరోపా సైనికుల బారకాసులు జిగట విరేచనాలకు పేరుమోశాయి. ఆ రోగానికి వేడి, గాలి, మద్యం, నేలనుంచి లేచే ఆవిరి వంటి కారణాలెన్నింటినో వైద్యులు వెతికారు గాని, బావి మీద అనుమానం పడినది చాలా అరుదు.

కంటోన్మెంటులో కుటుంబాల స్థితి అందరికీ ఒకేలా ఉండేది కాదు. ఐరోపా సైనికుల్లో పై అధికారి అనుమతితో పెళ్లాడిన కొద్దిమందికే భార్యను దళం లెక్కలో చేర్చుకునే హక్కు ఉండేది. ఆ లెక్కలోకి ఎక్కిన ఆడవారికీ పిల్లలకూ మాత్రమే బసా, తిండి సరుకులూ, వైద్యమూ దక్కేవి. మద్రాసు సైన్యపు సిపాయిలు మాత్రం, వారిలో తెలుగువారు గణనీయంగా ఉండేవారు, సాధారణంగా కుటుంబాలను వెంటబెట్టుకునే ఒక దండు నుంచి మరో దండుకు మారుతూ, లైన్లు అని పిలిచే వరుసల్లో తమకు తాముగా కట్టుకున్న గుడిసెల్లో కాపురం ఉండేవారు. బారకాసులకు భిస్తీలు, అంటే మేకతోలు తిత్తిని భుజానికి తగిలించుకొని నీళ్లు మోసేవారు, నీరు తెచ్చి పోస్తే, లైన్లలోని ఇల్లాళ్లు బిందెలతో, కుండలతో బావికి నడవవలసి వచ్చేది. రెజిమెంటల్ బజారులో కాపురమున్న చాకళ్లు, వంటవాళ్లు, దుకాణదారుల ఇళ్ల సంగతి ఏ లెక్కలోనూ చేరలేదు.

1857 తిరుగుబాటు తరవాత ఐరోపా సైనికుల సంఖ్యను పెంచిన బ్రిటిషు ప్రభుత్వానికి, ఆ సైనికులు పోరులో కంటే రోగాలతోనే ఎక్కువగా చనిపోతున్నారన్న సంగతి ఖజానా లెక్కగా కూడా బరువైంది. దీన్ని విచారించడానికి 1859లో నియమితమై 1863లో నివేదిక సమర్పించిన రాయల్ కమిషన్, భారతదేశంలోని సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నావళులు పంపి జవాబులు రాబట్టింది. ఆ జవాబుల గుట్టను చదివి విశ్లేషించి తన పరిశీలనలు జోడించిన ఫ్లారెన్స్ నైటింగేల్, దాదాపు నలభై ఏళ్ల సగటున ఏటా ప్రతి వెయ్యిమంది ఐరోపా సైనికుల్లో 69 మంది చనిపోయారన్న అంకెను ఇంగ్లండు ప్రజల ముందు పెట్టింది. భారతదేశానికి ఒక్కసారైనా రాని ఆమె, కాగితాల మీదనుంచే ఇక్కడి బావిగట్టును తక్కినవారందరికంటే స్పష్టంగా చూడగలిగిందని చెప్పడం అతిశయోక్తి కాదు. నీటిని పరీక్షించారా అన్న ప్రశ్నకు, రుచి బాగుంది, రంగు బాగుంది అన్న తరహా జవాబులతో సరిపెట్టిన స్థావరాలను ఆమె నిలదీసింది. నీళ్లు మోసే మనిషి బొమ్మను కూడా తన రచనలో అచ్చువేయించి, గొట్టాలు ఉండవలసిన చోట మనిషి వీపూ తోలుతిత్తీ ఉన్నాయన్న సంగతిని చదువరుల కంటికి కట్టింది.

తిత్తి గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పవలసి ఉంది. ఒకసారి కుట్టిన తోలుసంచి లోపలిభాగాన్ని తోమడానికి గాని ఎండబెట్టడానికి గాని వీలుండదు. నిరంతరం తడిగా ఉండే ఆ తోలుమీద జిగురుపొర కట్టి, అందులో ఒకనాటి నీటి సూక్ష్మజీవులు మరునాటి నీటికి అందుతాయి. బావులకు గట్టు సరిగా లేనిచోట చేదతాడు నేలమీద ఈడ్చుకుపోయి మళ్లీ నీటిలో మునిగేది. పక్కనే స్నానాలు, బట్టల ఉతుకుడు సాగితే ఆ మురుగు తిరిగి బావిలోకే ఇంకేది. అందువల్ల శుభ్రమైన ఊట ఉన్న బావి నీరు కూడా ఇంటికి చేరేలోపల చెడిపోయే అవకాశాలు అడుగడుగునా ఉండేవి. తరవాతి దశాబ్దాల అధికారులు ఈ నేరాన్ని తరచుగా భిస్తీ అశుభ్రత మీదకు నెట్టారు. గట్టు కట్టించని, మూత వేయించని, గొట్టం వేయించని ప్రభుత్వం తన వంతు బాధ్యతను కూలివాడి నెత్తిన వేయడం న్యాయం కాదు.

రాయల్ కమిషన్ నివేదిక ఫలితంగా ప్రెసిడెన్సీల్లో పారిశుద్ధ్య కమిషన్లు ఏర్పడి, 1864లో కంటోన్మెంట్ల చట్టం వచ్చి, కొత్త బారకాసులు లేచాయి. 1874 నాటికి మరణాల రేటు వెయ్యికి 18కి దిగిందని నైటింగేలే రాసింది. ఇంత తగ్గుదల వచ్చినా, కలరా ఎలా వ్యాపిస్తుందన్న విషయంలో మాత్రం పాలకులు ఒక్కమాట మీదకు రాలేదు. లండనులో 1854లోనే వైద్యుడు జాన్ స్నో నీటికీ కలరాకూ ఉన్న సంబంధాన్ని చూపించినా, భారత ప్రభుత్వ పారిశుద్ధ్య కమిషనరుగా దీర్ఘకాలం పనిచేసిన జె.ఎం. కనింగ్‌హామ్ ఆ సిద్ధాంతాన్ని చివరివరకూ అంగీకరించలేదు. కలరా తలెత్తగానే దళాన్ని బారకాసులనుంచి లేపి ఆరుబయట గుడారాల్లోకి తరలించడం ఆ కాలపు ప్రధాన చికిత్స. గాలి మార్పు కోసమని చేసిన ఈ తరలింపు కొన్నిసార్లు నిజంగానే పనిచేసింది. చెడిన బావిని వెనక విడిచిపెట్టినందువల్ల అది పనిచేసి ఉండవచ్చు. 1884 ఆరంభంలో రాబర్ట్ కాఖ్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని గుర్తించి, ఒక చెరువు నీటిలో కూడా దాన్ని కనుగొన్న తరవాతగాని ఈ వాదం కొలిక్కి రావడం మొదలుకాలేదు.

ఇంటి వడపోత ఈ చరిత్రలో ఎక్కువ ఆశ పెట్టించి ఎక్కువ మోసం చేసిన భాగం. కొయ్యచట్రంలో ఒకదానిమీద ఒకటిగా నిలబెట్టిన మూడు కుండలు కంటోన్మెంటు ఇళ్ల వరండాల్లో పరిచితమైన దృశ్యం: పై కుండల అడుగున చిన్న రంధ్రం, లోపల ఇసుక, నలిపిన బొగ్గు, వాటిగుండా బొట్టుబొట్టుగా దిగి కింది కుండలో చేరే చల్లని నీరు. బొగ్గు నీటిలోని రంగునూ వాసననూ తన రంధ్రాల్లో పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ నీరు తాగడానికి హాయిగా ఉండేది. కాని పట్టి ఉంచిన సేంద్రియ పదార్థమే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. బొగ్గును తరచుగా తీసి కాల్చి మార్చకపోతే, కొన్నాళ్లకు ఆ కుండ నీటిని శుద్ధి చేయడానికి మారు సూక్ష్మజీవులను పెంచే పాత్రగా మారుతుంది. 1894లో సిమ్స్ వుడ్‌హెడ్, కార్ట్‌రైట్ వుడ్ అనే ఇద్దరు బ్రిటిషు శాస్త్రజ్ఞులు అంగట్లో అమ్మే గృహ ఫిల్టర్లను వరుసగా పరీక్షించి, వాటిలో అత్యధికం రోగకారక సూక్ష్మజీవులను ఆపలేవని తేల్చారు. అప్పటిదాకా పసిబిడ్డకు పాలలో కలపడానికి ఆ నీటినే శ్రేష్ఠమని ఎంచుకున్న తల్లులకు తెలియనిది ఇదే.

ఆ పరీక్షలో నెగ్గినది, లూయీ పాశ్చర్ సహచరుడు షార్ల్ షాంబెర్లాన్ 1884లో తయారుచేసిన పింగాణీ ఫిల్టరు. సూక్ష్మజీవి దూరలేనంత సన్నని రంధ్రాలున్న, కొవ్వొత్తి ఆకారపు గొట్టం గుండా నీటిని నెట్టడం దాని సూత్రం; జర్మనీలో బెర్కెఫెల్డ్ పేరుతో డయాటమ్ మట్టితో చేసిన మరో రకం 1890ల్లో వచ్చింది. క్యాండిల్ అని మన ఇళ్లలో స్థిరపడిన పేరు ఆ ఆకారం వల్ల వచ్చినదే. స్టీలు డబ్బాలో రెండు మూడు క్యాండిళ్లు బిగించిన ఫిల్టరు ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాల్లో తెలుగు మధ్యతరగతి వంటింట్లో సర్వసాధారణమైంది. క్యాండిల్‌ను బ్రష్‌తో తోమి, మరిగే నీటిలో ఉడికించాలన్న నియమం పాటించకపోతే దానికీ పాత బొగ్గుకుండకూ పెద్ద తేడా ఉండదు. కంటికి కనబడని పగులు ఒక్కటి చాలు, వడపోత అంతా వృథా. నీటిని మరిగించడం వీటన్నిటికంటే నమ్మకమైనదే అయినా, కట్టెలకు డబ్బు పెట్టలేని సిపాయి ఇంటికి అది రోజూ సాధ్యమయ్యే పని కాదు.

పందొమ్మిదో శతాబ్ది చివరలో నీటి మీద అనుమానం ఎంతదూరం వెళ్లిందో తెలిపే ఘట్టం ఒకటి సికింద్రాబాదులోనే జరిగింది. మలేరియా దోమలు నీటిలో చచ్చి, ఆ నీరు తాగినవారికి రోగం అంటుతుందని లండనులోని వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఊహించాడు. 1895లో వైద్యుడు రొనాల్డ్ రాస్ ఇక్కడ ఆ ఊహను పరీక్షించడానికి దోమలు చచ్చిన నీటిని మనుషులకు తాగించాడు. మొదట ఒకరికి జ్వరం వచ్చినా తరవాతి ప్రయోగాలు దాన్ని బలపరచలేదు. 1897 ఆగస్టు 20న ఆయన దోమ పొట్టలోనే మలేరియా జీవిని చూడడంతో మొదలైన పరిశోధనలు ముందుకు సాగాక, ఈ ఒక్క రోగం విషయంలో తాగునీరు నిర్దోషిగా తేలింది. టైఫాయిడ్ విషయంలో నీటితో పాటు వంటవాడి చేయి, ఈగలు, రోగం తగ్గినా క్రిములను విసర్జిస్తూ ఉండే మనుషులు కూడా కారణమేనని ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో స్పష్టమైంది. అంటే ఇంటి ఫిల్టరు ఎంత మంచిదైనా అది ఒక్క దారినే కాపలా కాస్తుంది.

దారిమధ్యలో ఎక్కడ చెడినా సరిదిద్దగల ఉపాయం రసాయనాల ద్వారా వచ్చింది. ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడిగా పనిచేసిన ఇ.హెచ్. హాంకిన్, పొటాషియం పర్మాంగనేటును బావుల్లో వేయించే పద్ధతిని 1890ల్లో ప్రచారం చేశాడు. నీటికి గులాబిరంగు వచ్చి కొంతసేపు నిలిస్తే మోతాదు సరిపోయిందని గుర్తు. ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి విన్సెంట్ నెస్‌ఫీల్డ్ 1903లో క్లోరిన్‌తో నీటిని శుద్ధి చేసే పద్ధతిని ప్రకటించాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు సైనిక వైద్యుడు విలియం హారక్స్ రూపొందించిన పెట్టె ఈ క్లోరిన్‌ను మామూలు చేతులకు అందించింది. అందులో ఒక నల్లకప్పు, ఆరు తెల్లకప్పులు ఉంటాయి. నల్లకప్పులో ఒక చెంచా, అంటే 2 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చిన ద్రావణాన్ని, పరీక్షించవలసిన నీరు నింపిన తెల్లకప్పుల్లో మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, ఇలా పెంచుతూ వేసి, అరగంట ఆగి, పిండి, అయొడైడ్ కలిసిన సూచకాన్ని చేరిస్తే, స్పష్టంగా నీలిరంగు తిరిగిన మొదటి కప్పు ఎన్నోదో అన్ని చెంచాల పొడి 455 లీటర్ల నీటికి చాలునని అర్థం. 455 లీటర్లన్నది పాత కొలతలో దాదాపు వంద గాలన్లు. తెలుగు రాష్ట్రాల వైద్యవిద్యార్థులు సామాజిక వైద్యశాస్త్రంలో ఈ పెట్టెను ఇప్పటికీ నేర్చుకుంటారు. ఊరబావికి బ్లీచింగ్ పౌడర్ మోతాదు కట్టే విధానం సైన్యం చేతినుంచి పల్లెకు దిగివచ్చిన అరుదైన మేలు.

1923లో మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ ఏర్పడి, 1924లో కొత్త కంటోన్మెంట్ల చట్టం వచ్చిన తరవాత సైనిక నివాసాలకు గొట్టాల నీరు క్రమంగా మామూలు వసతి అయింది. హైదరాబాదులో 1908 మూసీ వరద తరవాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాలు జంటనగరాల నీటి ఆధారాన్నే మార్చివేశాయి. కాని గొట్టం మొదట అధికారుల బంగళాలకూ ఐరోపా బారకాసులకూ, ఆ తరవాతనే లైన్లకూ, చిట్టచివరికి బజార్లకూ చేరడం అనేకచోట్ల నడిచిన వరస. ప్రాణభయం అందరికీ సమానమైనప్పుడు నీటికి ఇంత అంతస్తు ఉండడం ఈ చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన విషయం; పైగా అది తెలివితక్కువ విధానం కూడా, ఎందుకంటే బజారులోని వంటవాడికి వచ్చిన కలరా మరునాడు బంగళాలోకి నడిచివచ్చేది.

నేటి సైనిక క్వార్టర్లలోనూ నగరాల అపార్టుమెంట్లలోనూ ఆర్‌ఓ యంత్రాలు గోడలకెక్కిన తరవాత ప్రశ్న మరో రూపం తీసుకుంది. కొళాయి చివరన కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తుంది. దారిలో గొట్టం పగిలి మురుగు చొరబడినా ఆ శేషం కొంత కాపాడుతుంది. ఇంటి యంత్రంలోని బొగ్గుపొర ముందుగా తీసివేసేది ఆ క్లోరిన్‌నే, అది మిగిలితే ఆర్‌ఓ పొర దెబ్బతింటుంది గనక. కాబట్టి యంత్రం నుంచి పట్టిన నీటికి తరవాత కలిసే మలినాన్ని ఎదుర్కొనే రక్షణ ఉండదు; దాన్ని కడిగిన, మూత ఉన్న పాత్రలో ఉంచి త్వరగా వాడుకోవాలి, లోపలి బొగ్గుగొట్టాన్ని గడువు దాటకముందే మార్చాలి.