వీధికెక్కిన పండుగ

పండుగలు అనాదిగా ఒకే తీరున వస్తున్నాయని మనలో చాలామంది నమ్మకం. చరిత్ర ఆ నమ్మకాన్ని బలపరచదు. పండుగ రూపం మారుతుంది. ఆ మార్పు వెనుక సామాజిక ప్రయోజనాలుంటాయి. నేడు దేశంలోని అనేక నగరాలలో జరిగే సార్వజనిక గణేశోత్సవమే ఇందుకు నిదర్శనం.

పుణేలో వినాయకచవితికి పీష్వాల ఆదరణ ఉండేది. 1818లో వారి పాలన అంతరించాక అది ప్రధానంగా ఇళ్ళకు పరిమితమైంది. పందొమ్మిదో శతాబ్దపు పుణే వీధులలో హిందువులూ ముస్లింలూ కలిసి పాల్గొన్న పెద్ద ఉత్సవం మొహర్రం. తాబూతుల ఊరేగింపులో హిందువులు పాడేవారు, వాయిద్యాలు వాయించేవారు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

1893 ఆగస్టులో బొంబాయిలో మతకలహాలు చెలరేగాయి. ఆ తరువాతనే, తిలక్, ఆయన సహచరుల పూనికతో, గణపతి ఇల్లు దాటి వీధిలోకి వచ్చాడు. 1894లో వీధి పందిళ్ళు, మేళాలనే గాయక బృందాలు, సామూహిక నిమజ్జనం ప్రముఖమయ్యాయి. మొహర్రానికి వెళ్ళవద్దని హిందువులకు చెప్పే పాటలు కూడా ఆ మేళాలలో వినిపించాయి. అంటే కొత్త పండుగ ఖాళీ వీధిలో పుట్టలేదు. అంతకుముందు ఇరుమతాల వారూ కలిసి నడిచిన వీధిలోనే పుట్టింది.

అయితే ఇంతటితో ఆగితే మనం సగం సత్యమే చెప్పినవాళ్ళమవుతాం. సభలపై పరాయి పాలకుల నిఘా ఉన్న రోజులలో ఉత్సవం రాజకీయ వేదిక కూడా అయింది. 1896లో రాయగఢ్‌లో శివాజీ ఉత్సవం మొదలైంది. మరుసటి ఏడు ఆ ఉత్సవ సందర్భంగా 'కేసరి'లో వచ్చిన రచనలకుగాను తిలక్‌పై రాజద్రోహ నేరం మోపి, పద్దెనిమిది నెలల శిక్ష విధించారు. వలస వ్యతిరేకత, మతపరమైన వేర్పాటు ఒకే పందిరి కింద పెరిగాయి. ఒకదాన్ని కీర్తించి రెండోదాన్ని దాచడం విమర్శకుని పని కాదు.

కింది కులాలు దీనిని మౌనంగా అంగీకరించలేదు. శివాజీని శూద్రుల రాజుగా చూస్తూ ఫూలే 1869లోనే వీరగాథ రాశాడు. 1920లలో కేశవరావు జేధే, దినకరరావు జవల్కర్ వంటి బ్రాహ్మణేతర నాయకులు పుణేలో ఛత్రపతి మేళా నడిపారు. అదే ఉత్సవంలో, అదే పాట రూపంలో బ్రాహ్మణాధిక్యాన్ని నిలదీశారు.

మనకు దగ్గరి సంగతి బతుకమ్మ. తెలంగాణ ఉద్యమంలో స్త్రీలు రోడ్లమీద పాడుకున్న ఆ పండుగ 2014లో రాష్ట్ర పండుగ అయింది. అది గౌరవమే. కానీ ఉద్యమం ఎత్తుకున్న పాటను ప్రభుత్వం ఎత్తుకున్నప్పుడు, అందులోని ప్రశ్న మిగులుతుందా అన్నది సాహిత్య విద్యార్థులు పరిశీలించవలసిన విషయం.

కనుక పండుగను వర్ణించబోయే రచయిత, చందా ఎవరిది, పాట ఎవరిది, ఊరేగింపులోకి రానిది ఎవరు, రానివ్వనిది ఎవరు అని ముందుగా అడగాలి. అలా అడగని వర్ణన, ఎంత అందంగా ఉన్నా, పందిరి వేయించినవాడి పక్షానే నిలుస్తుంది.