లిండెన్ బులవార్డ్ దోస్తులు

మంట దగ్గరికి జరిగి కూసోండ్రి బిడ్డా, చలి బాగున్నది. గా హిప్‌హాప్ సంగతి అడిగిన్రు గద, చెప్త ఇనుండ్రి.

మేం న్యూయార్క్‌ల క్వీన్స్‌ల ఉన్నప్పుడు జమైకా అవెన్యూ మీద పోరగాండ్లు పెద్ద పెద్ద టేప్‌రికార్డర్లు భుజానేసుకొని తిరుగుతుండిరి. ఆ క్వీన్స్‌లనే సెయింట్ ఆల్బన్స్ అని ఒక బస్తీ. ఆడ లిండెన్ బులవార్డ్ పొంటి చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన దోస్తులు క్యూ-టిప్, ఫైఫ్ డాగ్. అలీ షహీద్, జరోబీ తోడై 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' అయిన్రు. మొదటి ఆల్బమ్ 1990ల, 'లో ఎండ్ థియరీ' ఆ మర్సటేడు వచ్చింది.

వాళ్ల పాటకు ఆస్తి పెద్దోళ్ల కాలం నాటి జాజ్ రికార్డులు. ఆ రికార్డుల ముక్కలు పట్టుకునేటందుకు ఎస్‌పి-1200 అని ఒక మిషన్ ఉండె. దాంట్ల మొత్తం కలిపి పది సెకండ్ల శబ్దమే పడుతది. అందుకని 33 స్పీడు మీద తిరగాల్సిన రికార్డును 45 మీద ఉరికిచ్చి, చిన్న ముక్క పట్టుకొని, మిషన్ల మల్ల నెమ్మది జేస్తుండిరి ఆ కాలపోళ్లు. అట్ల జేస్తె శబ్దం జర గరుకుగ, మందంగ వస్తది. ఆ గరుకు వినవడంగనే పాణం లేచొస్తుండె నాకు. మైల్స్ డేవిస్ పక్కన వాయించిన రాన్ కార్టర్‌ను పిలిపిచ్చి మరీ బాస్ వాయించుకున్నరు. పెద్దోళ్ల మీద అంత గౌరవం వాళ్లకు.

1998ల విడిపోయిన్రు. టిప్‌కు, ఫైఫ్‌కు పడకపాయె. ఫైఫ్‌కు షుగర్ బీమారి. 2008ల భార్యనే కిడ్నీ ఇచ్చి బతికిచ్చుకున్నది.

2015 నవంబర్ల ఒక టీవీ షోల మల్ల కలిసి పాడిన్రు. పారిస్‌ల దాడులు జరిగిన రాత్రే అది. గప్పుడే ఇంకో ఆల్బమ్ చెయ్యాలె అనుకున్నరు. న్యూజెర్సీల టిప్ ఇంట్లనే స్టూడియో. ఎవరైనా సరే ఆడికొచ్చి పాడాలె, ఇంటికాడ పాడి ఫైలు పంపిస్త అంటె నడవదు. ఫైఫ్ ఒంట్ల బాగలేకున్నా కాలిఫోర్నియా నుంచి వచ్చిండు. ఒకడు సగం మాట ఇడిసిపెడితె ఇంకొకడు అందుకునుడు, పక్కపక్కన నిలవడితెనే కుదురుతది. ఎంత పాత మిషన్ కొన్నా, మనుషులు ఒక్క అర్రల లేకుంటె ఆ పాత పాట రాదు.

పని అయిపోకముందే, 2016 మార్చి 22న ఫైఫ్ పోయిండు. 45 ఏండ్లు గంతె. మిగిలినోళ్లు ఆయన గొంతును అట్లనే కాపాడి, నవంబర్ 11న ఆల్బమ్ ఇడిసిన్రు. మర్నాడు టీవీల పాడుతుంటె ఫైఫ్ మొకం గీసిన పెద్ద గుడ్డ ఎనకనుంచి దిగింది. ఆయన వంతు రాంగనే రికార్డయిన ఆయన గొంతే వినవడ్డది. పక్కనున్నోళ్లు ఆయన మాటకు అడ్డం రాలే.

ఆ ఆల్బమ్ అమెరికాల మొదటి నంబర్‌కు పోయింది. 'వి గాట్ ఇట్ ఫ్రమ్ హియర్' అని మొదలయ్యే ఆ పేరు ఫైఫ్ పెట్టిందే, వాళ్లు మార్చలే. మీరు ముందుగాల 'లో ఎండ్ థియరీ' ఇనుండ్రి, ఎంటనే ఇది ఇనుండ్రి. ఫోన్ స్పీకర్ల కాదు బిడ్డా, బాస్ మంచిగ పలికే పెట్టె మీద ఇనుండ్రి.