లష్కరులో వేసవి: సైనికుని విరామవేళ

సికింద్రాబాదును ప్రజలు నేటికీ 'లష్కరు' అని పిలుస్తారు. 1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో కుదుర్చుకున్న ఒడంబడిక ఫలితంగా హుస్సేన్ సాగరానికి ఉత్తరాన వెలసిన దండు, 1806లో సికిందర్ జా పేర పట్టణమైంది. ఆ దండులో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ అయ్యాడనీ, అక్కడ కలరా చెలరేగగా తనవారు క్షేమంగా బయటపడితే మహంకాళి అమ్మవారిని స్వస్థలంలో ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడనీ, 1815లో ఆ మొక్కు చెల్లించాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. ఆషాఢమాసపు లష్కరు బోనాలకు మూలం ఈ గాథే. సైనికునికి శత్రువు ఆయుధం కంటె ఋతువు, రోగమే పెద్ద ముప్పని ప్రజలు ఈ విధంగా జ్ఞాపకం ఉంచుకున్నారు.

ప్రభుత్వ పత్రాలు కూడా ఈ సత్యాన్నే ధ్రువపరుస్తాయి. భారతదేశంలోని సైన్యం ఆరోగ్య స్థితిని విచారించడానికి 1859లో నియమితమైన రాయల్ కమిషన్ 1863లో నివేదిక సమర్పించింది. బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని అందులో తేలింది. యుద్ధంలో నేలకొరిగినవారు వారిలో స్వల్పసంఖ్యాకులే. తక్కినవారిని బలిగొన్నవి జ్వరం, రక్తవిరేచనాలు, కలరా, కాలేయ వ్యాధులు. ఇరుకు బారకాలకు అపకీర్తి మూటగట్టుకున్న దండులలో సికింద్రాబాదు ఒకటి.

ఈ దేశంలో ఎన్నడూ అడుగుపెట్టని ఫ్లారెన్స్ నైటింగేల్, దండుల నుంచి అందిన జవాబులను పరిశీలించి, సైనికుని దినచర్యలోనే దోషాన్ని గుర్తించింది. వేసవిలో కవాతు తెల్లవారుజామునే ముగుస్తుంది. ఆపైన ఎండ తగలకూడదని సైనికుణ్ణి పగలంతా బారకులో నిర్బంధిస్తారు. చేయడానికి పని ఉండదు, చదవడానికి పుస్తకం ఉండదు. ఉన్నది మంచము, దండులోనే అమ్మే సారాయి. వడదెబ్బ నుంచి కాపాడదలచిన ఏర్పాటే అతణ్ణి సోమరితనానికి, మద్యానికి, కలుషిత జలానికి అప్పగించింది. శుభ్రమైన నీరు, మురుగు పారుదల, విశాలమైన గదులతోపాటు పనిశాలలు, పఠన మందిరాలు, వ్యాయామశాలలు కావాలని ఆమె వాదించింది. తన గుడిసెను తానే కట్టుకొనే దేశీయ సిపాయి దుస్థితిని కూడా ఆమె విస్మరించలేదు. 1873 నాటికి బ్రిటిష్ సైనికుల మరణాలు వెయ్యికి 18కి తగ్గాయని ఆమె ప్రకటించింది.

1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా, తరువాత 1893 వరకు భారత సైన్యాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ సారాయి దుకాణానికి బదులుగా కాఫీ, పత్రికలు, ఆటలు లభించే పటాలపు విశ్రాంతి గృహాలను ప్రోత్సహించాడు. 1888లో సైనిక మద్యనిగ్రహ సంఘం ఏర్పడింది.

అయినా ఒక ప్రమాదం మిగిలిపోయింది. అది నిద్రలో వచ్చేది. బెంగళూరులో యువ వైద్యుడుగా ఉన్నప్పుడు రొనాల్డ్ రాస్, భోజనశాల వద్ద నీటి తొట్లలో దోమలు పుడుతున్నాయని, వాటిని ఒలకబోయించమని కోరగా, అది ప్రకృతి క్రమానికి విరుద్ధమని సైనికాధికారి నిరాకరించాడట. ఆ రాస్ 1895లో 19వ మద్రాసు పదాతి దళంతో సికింద్రాబాదు చేరాడు. 1897 వేసవి వెళ్లాక తిరిగివచ్చి, బేగంపేటలో పరిశోధన కొనసాగించాడు. కోసి పరిశీలిస్తున్న దోమలు ఎగిరిపోతాయని పంఖా కూడా వేయనీయలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకొని తన రక్తాన్ని అందించాడు. ఆగస్టు 20న అటువంటి దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. హుసేన్ ఖాన్‌కు దక్కినవి ఆ అణాలే.

సైనికుడు విధులలో ఉన్నంతసేపే ప్రభుత్వ సంరక్షణలో ఉంటాడనీ, విరామవేళ అతని సొంత వ్యవహారమనీ భావించిన కాలం ఎన్నో ప్రాణాలను కోల్పోయింది. ఒలకబోయని తొట్టి, మూతలేని బావి, పనిలేని మధ్యాహ్నం ఏ శత్రుసేనకూ తీసిపోవు. డోలీబోయి మొక్కు, వైద్యుని సూక్ష్మదర్శిని కోరినది ఒక్కటే: దండుకు వెళ్లినవాడు క్షేమంగా ఇల్లు చేరడం.