ప్రతి వ్రాయుట, ప్రతి చూచుట

ఒక గ్రంథము రెండుచోట్ల నుండవలెనని గోదావరీతీరవాసులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1986వ సంవత్సరము ఆగస్టు నెలలో వరదనీరు మా లంకయూరి పెంకుటింట ప్రవేశించినప్పుడు, గోడగూటిలోనున్న మా తాతగారి తాటాకుల కట్టలన్నియు నాని చెడిపోయినవి. ఒక్క జ్యోతిషగ్రంథము మాత్రము నేటికిని నిలిచియున్నది. ఏలయన, మా చిన్నతాతగారు యౌవనమున దానికి ప్రతి వ్రాసికొని కొవ్వూరునకు కొనిపోయిరి.

పూర్వులు గంటముతో ఆకుపై గీచి, మసి పూసి తుడిచి, అక్షరములు తేల్చెడివారు. కాని వ్రాయుటతో పని ముగిసెడిది కాదు. ఒకే పదము రెండు పంక్తులలో వచ్చినచో లేఖకుని కన్ను జాఱి నడిమి భాగము పోవును. అందుచే ఒకరు మూలమును చదువగా వేఱొకరు ప్రతిని చూచెడివారు. కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరములలో ఉద్యోగము చేసిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర వేమన పద్యముల ప్రతులనేకము సంపాదించి, పండితుల సాయమున పోల్చి చూచి, 1829లో అచ్చొత్తించెను.

నేటి కంప్యూటరు విషయమును ఇట్టిదే. మన యెదుటి కంప్యూటరు మన యింటి భోషాణము; దూరముననున్న సర్వరు పొరుగూరి గ్రంథాలయము. ఆ రెంటి నడుమ ఫైళ్లను పంపుటకును తెప్పించుకొనుటకును ఒక కట్టుబాటు కావలెను. దాని తొలి ప్రతిపాదనను 1971 ఏప్రిలులో అమెరికాలో వ్రాసినవాడు అభయభూషణుడను భారతీయుడు. అదియే ఎఫ్.టి.పి. అందు రహస్యపదము కార్డుముక్కపై వ్రాత వలె బట్టబయలుగా పోవుచుండెను. 1995లో ఫిన్లండు దేశీయుడైన తాతు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్. అను సాధనమును రచించి, ఆ రాకపోకలకు లక్కముద్ర వేసిన కవరు వంటి రక్షణ కల్పించెను. మఱుసటి యేట ఆస్ట్రేలియాలో ట్రిడ్జెల్, మెకెరస్ అనువారు ఆర్‌సింకును వెలువరించిరి. అది ఫైలును ముక్కలుగా భావించి, ఒక్కొక్క ముక్కకు గణితముచే గుర్తుసంఖ్య కట్టి, ఇరుచోట్లి సంఖ్యలను పోల్చి, భేదించిన ముక్కలను మాత్రమే పంపును. మన పండితులు ప్రతి చూచి తప్పులను మాత్రము దిద్దిన రీతియే యిది.

నిరుడు నేనును నా మనుమరాలును ఆ కొవ్వూరి ప్రతికి ఛాయాచిత్రములు తీసితిమి. మొత్తము 184. వానిని దూరపు సర్వరునకు పంపుచుండగా నడుమ కరెంటు పోయినది. వచ్చిన పిమ్మట మిగిలినవి పంపితిమి. పని ముగిసినదని తలంచి, ఫోనులో చోటు లేదని పిల్ల మూలచిత్రములను చెఱిపివేయబోయెను. “తల్లీ, తాళుము, ముందు ప్రతి చూతము” అంటిని. లెక్కింపగా అచ్చట 183 మాత్రమే యుండెను. ఒక్కొక్కటి తెఱచి చూడగా మఱియొకదానిలో సగమాకు లేకుండెను. ఆ రెంటిని మరల పంపి, పోల్చి చూచి, మఱియొక చోటను ఒక ప్రతి యుంచిన పిమ్మటనే ఫోనులోనివి చెఱుపనిచ్చితిని.

పెద్దలారా! మీ యిండ్లలో దస్తావేజులు, వంశవృక్షములు, పాత తాటాకులు ఉండును. పిల్లలచే వానికి చిత్రములు తీయించి దూరమునకు పంపింపుడు. కాని ఇచ్చట చెఱిపినంతనే అచ్చటను చెఱిగిపోవు ఏర్పాట్లును కలవు గనుక, అట్టిది కాదని ముందుగా తెలిసికొనుడు. పంపిన పిదప సంఖ్య చూడుడు, తెఱచి చదువుడు. ఆకును మాత్రము పాఱవేయకుడు. మూలము చేతనున్నంతవఱకే తప్పు దిద్దుకొన వీలగును.